ఎక్స్‌క్లూడ్ చేసేది ఫైలును కాదు, పేర్లను

ఆండ్రాయిడ్ యాప్‌లు బిల్డ్ చేసేవాళ్లందరికీ, అంటే కోడ్‌ని ఇన్‌స్టాల్ చేసుకునే ఫైలుగా మార్చేవాళ్లకి, తెలిసిన ఎర్రర్ ఒకటుంది. యాప్‌లో వాడుకునే రెండు లైబ్రరీల (ఇతరులు రాసి పంచిన రెడీమేడ్ కోడ్) మెటా-ఇన్ఫ్ అనే ఫోల్డర్లలో లైసెన్స్, నోటీస్ అనే ఒకే పేరు ఫైళ్లుంటే బిల్డ్ ఆగిపోవచ్చు. దీనికి ఏళ్లుగా చేతులు మారుతున్న చిట్కా ఏమిటంటే, బిల్డ్‌ని నడిపే గ్రాడిల్ అనే టూల్ ఫైల్లో ఆ రెండింటినీ ఎక్స్‌క్లూడ్ చేసెయ్యడం, అంటే యాప్‌లోకి రాకుండా వదిలెయ్యడం. బిల్డ్ పాసవుతుంది, టెన్షన్ తీరుతుంది. ఆ కోడ్ రాసినవాళ్ల పేర్లు మాత్రం యాప్‌లోంచి మాయమవుతాయి.

ఇది చిన్న విషయమేమీ కాదు. ఇలాంటి ఉచిత కోడ్‌కి పెట్టే ఎంఐటీ లైసెన్స్ అడిగే షరతు ఒక్కటే: కాపీరైట్ నోటీసు, అనుమతి పాఠం ప్రతి కాపీలోనూ ఉండాలి. అలాంటిదే 2004 నాటి అపాచీ 2.0 లైసెన్స్ అయితే, మూల ప్రాజెక్టులో నోటీస్ ఫైలుంటే అందులోని పేర్లను కూడా చదవగలిగే రూపంలో ముందుకు పంపమంటుంది. అంటే సోర్స్ కోడ్‌ని గిట్‌హబ్ అనే కోడ్ సైట్‌లో పెట్టి చేతులు దులుపుకుంటే చాలదు. జనం డౌన్‌లోడ్ చేసుకునేది ఇన్‌స్టాలర్‌ని. ఆ ఫైళ్లు ఉండాల్సిందీ అందులోనే.

‘ఎవరు చదువుతారండీ? వెబ్‌సైట్లో లింకు ఇచ్చాం కదా’ అంటారు కొందరు డెవలపర్లు. వందల లైబ్రరీలున్న ప్రాజెక్టులో ఇది విసుగు పనే, ఒప్పుకుంటాను. కానీ వెబ్‌సైట్ రేపు మూతపడొచ్చు, ఇన్‌స్టాలర్ మాత్రం పెన్‌డ్రైవుల్లో తిరుగుతూనే ఉంటుంది. సైజు పెరుగుతుందన్న వాదన మరీ విడ్డూరం. అపాచీ లైసెన్స్ పూర్తి పాఠం 11 కేబీ, యాప్ తెరవగానే కనిపించే మీ స్ప్లాష్ స్క్రీన్ బొమ్మ అంతకంటే పెద్దది. ఇక వాడిన లైబ్రరీల, వాటి లైసెన్సుల జాబితా తయారు చేయడానికి టూల్స్ ఎప్పటినుంచో ఉన్నాయి.

పేర్లు తీసేస్తే ఏమవుతుందో అమెరికాలో బొమ్మ రైళ్ల కేసు తేల్చింది. బర్క్లీ ఫిజిక్స్ ప్రొఫెసర్ రాబర్ట్ జేకబ్‌సన్, మరికొందరు కలిసి మోడల్ రైళ్లను నడిపే జేఎంఆర్ఐ సాఫ్ట్‌వేర్‌ని, పేర్లు, నోటీసులు ఉంచాలన్న షరతులతో, ఉచితంగా ఇచ్చారు. మాథ్యూ కాట్జర్ కంపెనీ అందులోని ఫైళ్లను తన ఉత్పత్తిలో వాడుకుంది, రచయితల పేర్లు, కాపీరైట్ నోటీసులు లేకుండా. ఉచితంగా ఇచ్చినదానికి నష్టమేముంది అన్న ధోరణిలోనే సాగింది వాదన. కింది కోర్టు దీన్ని కాంట్రాక్టు గొడవగా చూసి ఇంజంక్షన్ (వాడకం ఆపమనే ఉత్తర్వు) ఇవ్వలేదు. 2008లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీల్స్ కోర్టు దాన్ని తోసిపుచ్చింది. డబ్బు తీసుకోనంత మాత్రాన షరతులకు విలువ లేకుండా పోదని, వాటిని మీరితే అది కాపీరైట్ ఉల్లంఘనే కావొచ్చని తేల్చి చెప్పింది. 2010లో లక్ష డాలర్లకు రాజీ కుదిరింది. ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రచయితకు దక్కే జీతం పేరేనన్న సంగతిని ఒక కోర్టు ఇంత సూటిగా గుర్తించాక, మన టీమ్‌లు ఇంకా ‘చిన్న టెక్స్ట్ ఫైలే కదా’ అనడం నాకు మింగుడుపడదు.

మన దగ్గర ఇది ఇంకా దగ్గరి సంగతి. మల్లన్న, రామభద్ర, మండలి, ఎన్‌టీఆర్ వంటి తెలుగు ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉచితంగా దొరుకుతున్నాయి. సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఇచ్చుకోవచ్చు, కలిపి అమ్ముకోవచ్చు. బదులుగా అడిగేది కాపీరైట్ నోటీసు, లైసెన్స్ పాఠం వెంట ఉంచమని. విడి ఫైలుగానైనా సరే, యూజర్‌కు సులువుగా కనిపించే మెటాడేటాలోనైనా సరే. గుణింతాలు, ఒత్తులు ఒక్కొక్కటే కుదుర్చుకుంటూ తెలుగు ఫాంట్ తయారు చేయడం ఎంత చాకిరీయో ఆ పని చేసినవాళ్లకే తెలుసు. మాతృభాషా దినోత్సవం నాడు వేదికల మీద శాలువాలు కప్పే ప్రభుత్వాలు, తాము కొనే యాప్‌ల టెండర్లలో ఒక్క షరతు చేర్చొచ్చు: ఇన్‌స్టాలర్‌లో నోటీస్ ఫైలు లేకపోతే బిల్లు పాస్ కాదని.