నమ్మకం లేని చేతిలో టారో పేక

బెంగళూరు మారతహళ్లిలో, తెలుగు మాట వినిపించని సందు లేని చోట, ఆదివారం సాయంత్రాలు నేను టారో కార్డులు చూస్తాను. వచ్చేవాళ్లు ఎక్కువగా మనవాళ్లే. పెళ్లి, ఉద్యోగం, వీసా: ప్రశ్నలన్నీ ఈ మూడింటి చుట్టే తిరుగుతాయి. డబ్బు తీసుకోను. రేపు జరగబోయేది ఆ అట్టముక్కలకు తెలుసని నేను నమ్మను, ఆ సంగతి ముందే చెబుతాను. మరి ఎందుకు చూస్తున్నట్టు? 1976లో బెంగళూరు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఉంటూ మహిమలనూ మూఢనమ్మకాలనూ పరిశీలించడానికి సంఘం వేసిన హెచ్. నరసింహయ్య గారి ఊళ్లో కూర్చుని ఇదేం పనని ఒక మిత్రుడు కోప్పడ్డాడు. న్యాయమైన కోపమే. అతనికి నేనిచ్చిన జవాబు చాలాకాలం నాకే సరిపోలేదు.

కార్డుల పుట్టుక గురించి మా ఇద్దరికీ తగాదా లేదు. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీ సంపన్నుల ఇళ్లలో ఇది ఒట్టి పేకాట. ఫ్రాన్సులో ఇప్పటికీ ఆడుతున్నారు. 1781లో కూర్ ద జెబెలాం అనే ఫ్రెంచి పండితుడు ఇందులో ప్రాచీన ఈజిప్టు జ్ఞానం దాగి ఉందని రాశాడు. అప్పటికి ఈజిప్టు చిత్రలిపి చదవగలిగిన మనిషి లోకంలో ఒక్కడూ లేడు. షాంపోలియన్ ఆ ముడి విప్పింది 1822లో. నేను వాడే 78 కార్డుల మీది బొమ్మలు పమేలా కోల్మన్ స్మిత్ గీయగా 1909లో లండన్‌లో అచ్చయినవి. ఆ వేల ఏళ్ల రహస్యం ఇంతే.

కానీ చెప్పింది తగులుతుంది, అదే చిక్కు. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త తన తరగతిలోని 39 మందికి, నీ స్వభావం ఇదీ అంటూ తలా ఒక కాగితం ఇచ్చాడు. ఎంత సరిపోయిందో ఐదుకు మార్కులు వేయమంటే సగటు 4.26 వచ్చింది. అందరి కాగితాల మీదా ఉన్నవి ఒకటే మాటలు, అవీ ఎక్కువగా బజారు జ్యోతిష పుస్తకంలోంచి తీసినవి. మన సోదమ్మకు ఇది ఫోరర్ కంటే ముందే తెలుసు. ‘పది మందికి పెట్టే చెయ్యి తల్లీ నీది, నీకు పెట్టే చెయ్యే లేదు’ అంటే కాదనే ఇల్లాలు ఏ ఊళ్లో ఉంది?

నన్ను ఎక్కువగా భయపెట్టేది రే హైమన్ అనే అమెరికన్ అనుభవం. కుర్రతనంలో ఖర్చుల కోసం చేతులు చూసేవాడు. మొదట నమ్మకం లేదు. అచ్చం అలాగే జరిగిందని జనం అంటుంటే తానే నమ్మడం మొదలుపెట్టాడు. స్టాన్లీ జాక్స్ అనే ప్రదర్శకుడు, రేఖలు చెప్పేదానికి సరిగ్గా వ్యతిరేకంగా చెప్పి చూడమన్నాడు. అలాగే చెప్పాడు. జనం ఎప్పటిలాగే తలలూపారు. హైమన్ తరువాత మనస్తత్వ శాస్త్ర ఆచార్యుడై ఇలాంటివాటినే పరిశీలించాడు.

నమ్మకం లేకుండా చూసేవారు నమ్మి చూసేవారి కంటే నిజాయితీపరులని నేను ఒకప్పుడు అనుకునేదాన్ని. ఇప్పుడు అనుకోను. నమ్మేవారు ఎదుటివారితో పాటు తామూ మోసపోతారు. నమ్మనివారి దగ్గర మోసపోయేది ఎదుటివారొక్కరే. ముందే చెబుతున్నానుగా అన్న ధీమా కూడా నిలవలేదు. మూడో కార్డు తిప్పేసరికి నా హెచ్చరిక సిగరెట్టు పెట్టె మీది బొమ్మతో సమానం. ‘మీరు నమ్మరు, సరే అక్కా. కానీ మీ నోటి నుంచి వస్తే జరుగుతుంది’ అంది ఒక అమ్మాయి. ఆ రాత్రి పేక కట్టి పైన పెట్టి రెండు నెలలు ముట్టుకోలేదు.

ఆ రెండు నెలల్లో ఇంకొకటి తెలిసింది. ఉద్యోగం మానేయాలని నాకే గట్టిగా ఉన్న రోజుల్లో, అడిగిన ప్రతివారికీ మానేయమన్న అర్థమే నాకు కార్డుల్లో కనబడింది. మన కథల్లో ఇది కొత్త కాదు. నారాయణవనంలో ధరణీదేవికి ఎరుక చెప్పి, కూతురిని ఆ కొండమీది వాడికే ఇమ్మన్న ఎరుకలసాని ఎవరు? వేషం మార్చుకున్న పెళ్లికొడుకే. దేవుడు కాబట్టి సరిపోయింది.

తిరిగి మొదలుపెట్టాక అర్థాలు చెప్పడం మానేశాను. కార్డు ముందు పెట్టి, ఏం కనిపిస్తోందని అడిగి ఊరుకుంటాను. రాజమండ్రి నుంచి వచ్చి ఇక్కడ పనిచేస్తున్న ఒకామె, వేరే కంపెనీకి మారాలా వద్దా అని అడిగింది. వచ్చినది ‘కత్తుల్లో ఆరు’ అనే కార్డు. పడవ, గడ వేసే మనిషి, మనకు వీపు పెట్టి ముసుగులో కూర్చున్న స్త్రీ, పక్కన బిడ్డ, పడవలో నిలువుగా గుచ్చిన ఆరు కత్తులు. కష్టం దాటే ప్రయాణమని పుస్తకాలు అంటాయి. ఆమె కత్తుల వంక చూడనే లేదు. ‘వెనక నుంచి చూస్తుంటే ఆ బిడ్డ నిద్రపోతోందో ఏడుస్తోందో తెలియడం లేదు’ అంది. చాలాసేపు మాట్లాడలేదు. నాలుగేళ్ల కూతురిని అమ్మ దగ్గర వదిలి వచ్చి ఏడాదిన్నర అయిందని తరువాత చెప్పింది. కంపెనీ మాట మళ్లీ ఎత్తలేదు. ఇంకో కార్డు వచ్చినా ఆమె ఆ బిడ్డ దగ్గరికే చేరేదని నా అనుమానం. హైమన్‌లా తిరగేసి చెప్పడానికి నేను చెప్పింది ఏమీ లేదు.

అయితే కార్డులెందుకు, నేరుగా అడగవచ్చుగా అంటాడు మిత్రుడు. అడిగి చూశాను. ‘బాగానే ఉన్నాను’ అంటారు. రైల్లో ఎదురు బెర్తు మనిషికి చెప్పుకునేది ఇంట్లో చెప్పుకోని జాతి మనది. ఎదుటి మనిషి కళ్లలోకి కాకుండా బొమ్మ వంక చూస్తూ మాట్లాడటం తేలిక.

జబ్బులకూ కోర్టు కేసులకూ కార్డు తీయను. బతుకు మీద విరక్తి వినిపిస్తే పేక పక్కన పెట్టి, మానసిక సహాయం అందించే ప్రభుత్వ ఫోను సేవ టెలీ మానస్ 14416 నంబరు ఇస్తాను. ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు, దాని వెనక ఈ ఊరి నిమ్హాన్స్ ఉంది. ఇక పరిహారాల జోలికి అసలు పోను. చిలక జోస్యం వాడి తాయెత్తుకూ టారో కొట్టులోని స్ఫటికానికీ తేడా ధరలోనే.

మొన్న రాజమండ్రి ఆమె ఫోను చేసింది. పాపను తెచ్చుకుందట, ఇక్కడే బడిలో వేసిందట. ‘మీ కార్డు చెప్పినట్టే చేశాను అక్కా’ అంది. కార్డు ఏమీ చెప్పలేదని రెండుసార్లు అన్నాను. ఆమె నవ్వి, వచ్చే ఆదివారం తన ఆఫీసులో ఇంకో అమ్మాయిని తీసుకురావచ్చా అని అడిగింది.