గుడ్డుకూ కాదు, కూరకూ కాదు

పెరట్లో కోళ్లు పెంచుతున్నామని చెప్పగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "రోజుకు ఎన్ని గుడ్లు?" రెండోది, కాస్త నవ్వుతూ, "కోసేదెప్పుడు?" పెకిన్ బాంటమ్ అనే పొట్టి జాతి కోళ్ల విషయంలో రెండింటికీ జవాబు నిరాశపరిచేదే. ఇక్కడి బ్రిటిష్ ప్రమాణాల ప్రకారం పెట్ట 570 గ్రాములు, పుంజు 680 గ్రాములు మించకూడదు. దాని గుడ్లు రెండు కొడితే గానీ ఒకరికి ఆమ్లెట్ కాదు. చలికాలంలో ఆ గుడ్లూ ఉండవు. అయినా ఇంగ్లండులో నాలుగడుగుల పెరడున్న తెలుగు కుటుంబం కోళ్లు పెంచుకోవాలనుకుంటే, పెంచుకోదగినది ఇదేనని నా వాదన. గుడ్ల మీద ఆశతో పాటు ఊరి నుంచి వెంట తెచ్చుకున్న కొన్ని అలవాట్లనూ వదులుకోగలిగితేనే సుమా.

అమెరికాలోని మన బంధువులకు ఇది కొచిన్ బాంటమ్‌గా పరిచయం. 1860లో, రెండో నల్లమందు యుద్ధం చివర, బ్రిటిష్, ఫ్రెంచి సేనలు పెకింగ్ (నేటి బీజింగ్)లోని వేసవి రాజప్రాసాదాన్ని దోచుకుని తగలబెట్టాయి. అప్పుడు సైనికులు పట్టుకొచ్చిన కోళ్లే వీటికి మూలమని చెబుతారు. కోళ్ల సంగతి నమ్మినా నమ్మకపోయినా, అక్కడి నుంచే వచ్చిన ఒక చిన్న కుక్కను విక్టోరియా రాణికి కానుకగా ఇచ్చారనీ, దానికి లూటీ అని పేరు పెట్టారనీ చరిత్రలో ఉంది. కొల్లూరు గనుల కోహినూరు గురించి మన తెలుగు సంఘం సంచికల్లో ఏటా ఎవరో ఒకరు వాపోతూనే ఉంటారు. మన వజ్రంలాగే చైనావాళ్ల కోళ్లూ ఇక్కడికి చేరాయని తెలిస్తే కాస్త ఊరటగా ఉంటుంది.

పెకిన్ నిలబడితే కాళ్లు కనిపించవు. తల కిందికి, తోక పైకి పెట్టి, కాస్త ముందుకు ఒరిగి నడుస్తుంది. దాణా డబ్బా చప్పుడు వినగానే, కొత్త పట్టులంగా వేసుకున్న పిల్ల కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పరుగెత్తినట్టు ఉరుకుతుంది. పాదాల మీది ఈకలు వేళ్ల చివరిదాకా పరుచుకుని ఉండటం వల్ల మామూలు కోళ్లంత గట్టిగా నేలను గీరలేదు. గుడ్ల కోసం పెంచే గోధుమరంగు కోళ్లను నాలుగింటిని చిన్న పచ్చికలో వదిలి చూడండి, నెల తిరగకుండా దున్నిన చేను తయారవుతుంది. పెకిన్‌కు అంత శక్తి లేదు. సరిగా ఎగరలేదు కూడా, రెండడుగుల కంచె చాలు. లేత మెంతికూర, కొత్తిమీర మాత్రం దక్కనివ్వదు. గోంగూర కుండీలను గ్లాస్‌హౌస్‌లో పెట్టి తలుపు వేసుకుంటే మంచిది.

ఇంత అందమూ ఆ పాదాల్లోనే ఉంది, ఇబ్బందంతా కూడా అక్కడే. కొనేవాళ్లు రంగు చూసి కొంటున్నారు, నేల చూసుకోవడం లేదు. నవంబరు వానలకు బంకమట్టి పెరట్లో తిరిగిన కోడి వేళ్ల ఈకలకు బురద ఉండలు కడుతుంది. ఆ ఉండ ఎండితే రాయి. చేత్తో పట్టి లాగారా, ఈకతో పాటు గోరు కూడా ఊడి వస్తుంది. గోరువెచ్చని నీళ్లలో పాదాలు నానబెట్టి, మట్టి కరిగేదాకా వేళ్లతో మెల్లగా నలిపి, తువ్వాలుతో అద్ది, పూర్తిగా ఆరాకే బయటికి వదలాలి. కొత్తగా మొలుస్తున్న ఈకలో రక్తం ఉంటుంది, అది విరిగితే కారుతుంది, మిగిలిన కోళ్లు ఆ ఎరుపును చూసి పొడుస్తాయి. వీటికి మొదటి అవసరం పైకప్పు ఉన్న ఆవరణ, అడుగున పొడి ఇసుకో చెక్కముక్కలో. పడుకునే కర్ర నేలకు జానెడు ఎత్తులో ఉంటే చాలు.

ఇంకో సంగతి ఆ ఈకల చాటునే దాగి ఉంటుంది. కాళ్ల పొలుసుల కిందికి దూరే కంటికి కనిపించని పురుగులు పొలుసులను పైకి లేపి, సున్నం కట్టినట్టు చేస్తాయి. మామూలు కోడికైతే దూరం నుంచే తెలిసిపోతుంది. పెకిన్‌కు వారానికోసారి ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఈకలు పాయలు తీసి చూస్తేనే తెలుస్తుంది. తొలిదశలో వాజెలిన్ పట్టించినా పురుగులకు ఊపిరాడదు. ముదిరితే పశువుల డాక్టరే దిక్కు. పొలుసులు గిల్లి తీయడం మాత్రం వద్దు.

ఇక అలవాట్ల సంగతి. విజిటర్ వీసా మీద ఆరు నెలలకు వచ్చిన అత్తగారు పొద్దున్నే రాత్రి మిగిలిన అన్నం గిన్నెతో పెరట్లోకి నడుస్తారు. "వద్దత్తయ్యా, ఇక్కడ అది నేరం" అంటే, "నోరులేని జీవికి అన్నం పెడితే నేరమా!" అని నివ్వెరపోతారు. ఆవిడను తప్పుపట్టలేం. కానీ 2001 నాటి గాలికుంటు వ్యాధి దెబ్బ తిన్న తర్వాత ఈ దేశం ఈ విషయంలో పట్టుదలగా ఉంది. వంటింట్లోంచి వచ్చిన ఏదీ కోళ్లకు పెట్టకూడదు, కూరగాయ తొక్కులతో సహా. పూర్తి వీగన్ వంటిళ్లకే మినహాయింపు. మేము శాకాహారులం అంటే చెల్లదు, పెరుగూ నెయ్యీ ఉన్న ఇల్లు వీగన్ ఇల్లు కాదు. పెరట్లో కోసిన ఆకుకూరను గుమ్మం దాటించకుండా నేరుగా వేయవచ్చు. అత్తయ్యగారి చేతికి ఒక పాలకూర కట్ట ఇవ్వండి, ఆవిడ ముచ్చటా తీరుతుంది.

రెండో అలవాటు పుంజు. నా కోడి కూయకపోతే ఊరికి తెల్లవారదనుకున్న అవ్వ లాంటివాళ్లు మనలో ఇంకా ఉన్నారు. వేసవిలో ఇక్కడ నాలుగున్నరకే వెలుగొస్తుంది, చిన్న పుంజు గొంతు చిన్నదేమీ కాదు, పక్కింటివాళ్లు కౌన్సిల్‌కు ఫిర్యాదు చేస్తే న్యాయం వాళ్ల వైపే ఉంటుంది. 1950 నాటి అలాట్‌మెంట్ల (కూరగాయలు పండించుకోవడానికి అద్దెకిచ్చే తోట ముక్కల) చట్టం కూడా తోట స్థలంలో పెట్టలను ఉంచుకోనిచ్చింది, పుంజులను ఉంచుకోనివ్వలేదు. పుంజు లేకపోయినా గుడ్లు వస్తాయి, కోడిపిల్లలే రావు. ఆ పిల్లలే మనవాళ్లకు తగులుకునే చిక్కు. పెకిన్ మాటిమాటికీ పొదుగుకు కూర్చుంటుంది, గుడ్డు లేకపోయినా వట్టి గడ్డి మీద కదలకుండా. పాపం అనిపించి, ఇంట్లో పిల్లలకూ సరదాగా ఉంటుందని, పొదిగే గుడ్లు కొనితెచ్చి పెడతారు. 21 రోజులకు పిల్లలొస్తాయి, వాటిలో సుమారు సగం పుంజులు. ఆరు నెలల తర్వాత వాటిని ఎవరూ తీసుకోరు. వాటిని ఏం చేస్తారో ముందే చెప్పలేనివాళ్లు గుడ్లు తేకూడదు. ఊళ్లో పొదుగు మాన్పించడానికి కోడిని నీళ్లలో ముంచేవారు, ఈ చలిలో ఆ పని వద్దు. అడుగున గాలి ఆడే తీగల పెట్టెలో దాణా, నీళ్లు పెట్టి కొన్ని రోజులు ఉంచితే తనే మానుకుంటుంది.

ప్రభుత్వం దగ్గర నమోదు చేయించడం చిన్న పని, అయినా చాలామంది చేయడం లేదు. ఒకప్పుడు 50 పక్షులుంటేనే తప్పనిసరి. 2024 అక్టోబరు 1 నుంచి ఇంగ్లండు, వేల్స్‌లో ఒక్క కోడి ఉన్నా చేయించాలి, స్కాట్లండులో అంతకు నెల ముందు నుంచే. బర్డ్ ఫ్లూ వస్తే కబురు అందాలని ఈ ఏర్పాటు. 2022 నవంబరు 7 నుంచి మరుసటి ఏప్రిల్ 18 దాకా ఇంగ్లండులో కోళ్లను బయటికి వదలకూడదని ఆజ్ఞ నడిచింది. అంతకాలం లోపల ఓపిగ్గా ఉండటం పెకిన్‌లకు చేతనవును, కప్పున్న ఆవరణ ఉంటే. తెగుళ్ల భయం మనకు కొత్తేమీ కాదు. ఊరి కోళ్లను తుడిచిపెట్టే కొక్కెర తెగులును ఇక్కడ న్యూకాజిల్ వ్యాధి అంటారు. ఆ ఊళ్లో ఉంటున్న మన తెలుగువాళ్లు నొచ్చుకోవద్దు.

చివరికి అందరినీ ఆపేది ఇండియా ప్రయాణం. నక్క తిరిగే ఊళ్లో రోజూ చీకటి పడేలోగా గూటి తలుపు వేయాలి, పొద్దున తీయాలి. నెల రోజులు ఆ పని ఎవరు చేస్తారు? కుక్కలకూ పిల్లులకూ వసతి గృహాలున్నాయి, కోళ్లకు అరుదు. ఈ ఒక్క విషయంలో మన సంఘం పనికొస్తుంది. ఉగాది వేడుకలకు వంటవాళ్ల జాబితా, డ్రైవర్ల జాబితా వేసే కార్యవర్గం, కోళ్లున్న కుటుంబాల జాబితా కూడా ఊరివారీగా వేస్తే, సంక్రాంతికి వెళ్లేవాళ్ల కోళ్లను వేసవికి వెళ్లేవాళ్లు చూసుకుంటారు. ఒక షరతు: తెగుళ్లు ఒక పెరటి నుంచి ఇంకో పెరటికి అంటకుండా, చూడటానికి వెళ్లేవాళ్లు తమ పెరటి చెప్పులతో వెళ్లకూడదు. ఆ ఇంటి గుమ్మం దగ్గరే ఒక జత బూట్లు ఉంచాలి.