మహారాజశ్రీ బాడీ ఎర్తు వైరు గారి దివ్యసముఖమునకు

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అందామంటే, తమరు కుశలంగా లేరన్న సంగతి నిన్న సాయంత్రమే బయటపడింది. నా కుశలం అడుగుతారేమో. విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ దగ్గర మధ్యాహ్నమంతా ఎండలో నిలబడిపోయిన కారు డిక్కీలో వంజరం ముక్కలు ఏమైపోతాయో తమరే ఊహించుకోండి. ఇప్పుడు ఏసీ వేస్తే ఆ వాసన ముందు సీటుకీ వెనక సీటుకీ సమానంగా అందుతోంది.

తమరితో నాకు ముఖపరిచయం లేదు. ఉండే అవకాశం తమరిచ్చారా? బ్యాటరీ పైకి కనిపిస్తుంది, దసరాకి దానికీ ఇంత పసుపూ కుంకుమా పెడతాం. టైర్లకి నిమ్మకాయలు, బానెట్‌కి బంతిపూల దండ. తమరు మాత్రం బానెట్ అడుగున, గేర్‌బాక్సుకీ బాడీకీ మధ్య, జానెడు రాగి అల్లికగా, రెండు బోల్టుల కింద తలదాచుకుని ఉంటారు. తాళం తిప్పగానే ఇంజినుని తిప్పి లేపే సెల్ఫ్ మోటారు వాడుకున్న కరెంటంతా తిరిగి బ్యాటరీకి చేరాలంటే తమరి మీదుగానే వెళ్లాలట. ఇంత పెద్ద ఉద్యోగం చేస్తూ ఇంత నిరాడంబరంగా ఉంటే అనుమానం రావాల్సిందే.

పోయిన వారం ఫంక్షన్ హాలు దగ్గర తమరు కనబరిచిన ప్రతిభ ఊరంతా చూసింది. మా కారు సరిగ్గా గేటుకి అడ్డంగా ఉంది. వెనక పూల కారులో పెళ్లికొడుకు, ఆ వెనక బ్యాండు మేళం. తాళం తిప్పితే టక్. మళ్లీ తిప్పితే మళ్లీ టక్. హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, రేడియోలో పాట కూడా వస్తోంది. సెల్ఫ్ ఒక్కటే తిరగదు. బ్యాండు వాళ్లు మాత్రం వాయించడం ఆపలేదు.

మన దగ్గర కారు ఆగితే చాలు, చుట్టూ ఉన్నవాళ్లందరూ మెకానిక్కులైపోతారు. “పెట్రోలుందా?” అన్నారొకరు. పెట్రోలు లేకపోతే ఇంజిను అందుకోదు గానీ సెల్ఫ్ తిరుగుతుంది కదా బాబాయ్! ఇంకొకరు తాళం తీసి చొక్కాకి తుడిచి మళ్లీ పెట్టారు. మా ఆవిడ తరఫు చుట్టం ఒకాయన వచ్చి ముందు టైరుని గట్టిగా తన్నాడు. ఆయన వైద్యవిధానం నాకిప్పటికీ అంతుపట్టలేదు. మా తాతగారి అంబాసిడర్ డిక్కీలో ఇనప హ్యాండిల్ ఉండేది, ముందు నుంచి దూర్చి తిప్పితే ఇంజిను లేచేది. 1912లో క్యాడిలాక్ కార్లకి కెటరింగ్ అనే ఆయన కరెంటు సెల్ఫ్ పెట్టాడు. అప్పటి నుంచి హ్యాండిల్ ఎదురు తన్ని జనం చేతులు విరగడం తగ్గింది, తమలాంటి వాళ్ల ప్రాబల్యం పెరిగింది.

చివరికి పెళ్లికొడుకు కారు డ్రైవరే, తన బ్యాటరీ కరెంటు మా బండికి అందించే జంపర్ కేబుళ్లు తెచ్చాడు. ఎర్ర క్లిప్పు మా బ్యాటరీ ప్లస్సుకి, నల్ల క్లిప్పు మా ఇంజిను మీది లావుపాటి బోల్టుకి. పద్ధతి తెలిసినవాడు. బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ లేవకుండా నల్లదాన్ని దూరంగా అలాగే పెట్టాలి. ఒక్క తిప్పుకే బండి లేచింది. జనం చప్పట్లు కొట్టి, ముక్తకంఠంతో తీర్పు చెప్పారు: బ్యాటరీ పోయింది.

అక్కడే ఉంది తమరి అసలు నాటకం. నల్ల క్లిప్పు నేరుగా ఇంజినుకి తగిలింది కాబట్టి కరెంటు పెళ్లికారుకే తిరిగి వెళ్లిపోయింది, తమరితో పనే పడలేదు. తమరిని తప్పించుకుని వెళ్తే బండి కదిలింది. పాపం, నింద బ్యాటరీ మీద పడింది. అంతమందిలో తమరు ఒక్క మాట మాట్లాడితే ఒట్టు.

మర్నాడు బ్యాటరీ షాపులో మీటరు పెడితే 12.6 వోల్టులు చూపించింది. నిండా ఛార్జయిన బ్యాటరీ చూపించాల్సింది అంతే. “పైకి అలాగే చూపిస్తుంది సార్, లోపల ఒక సెల్లు పోయుంటుంది” అన్నాడు షాపతను. ఆరు సెల్లుల్లో ఒకటి పోతే రెండు వోల్టులు తగ్గాలి కదయ్యా, పదిన్నర దగ్గర ఉండాలి కదా అంటే, నా వైపు జాలిగా చూసి, “వారంటీ కూడా అయిపోయింది కద సార్” అన్నాడు. వారంటీ అయిపోవడం ఒక రోగమని నాకు తెలియదు. కొత్తది అయిదున్నర వేలు. పాతదానికి ఎక్స్ఛేంజి కింద తొమ్మిది వందలు. బ్యాటరీ బిగించేటప్పుడు ఏ వైరు ఎటు కదిలిందో గానీ కొద్ది రోజులు తమరు బుద్ధిగా పనిచేశారు. అది కూడా నాటకంలో భాగమే అని నా నమ్మకం.

నిన్న హార్బర్ దగ్గర మళ్లీ టక్. కొత్త బ్యాటరీతోనే టక్.

సర్వీసు సెంటరు వ్యాను వచ్చింది. అందులోంచి దిగిన కుర్రాడు స్కానరు తగిలించాడు. ఏ లోపం కోడూ రాలేదు. ఎలా వస్తుంది? తమరికి సెన్సార్ పెట్టేంత గౌరవం ఏ కంపెనీ ఇచ్చింది గనక! తర్వాత మల్టీమీటరుని, వైరు తెగకుండా ఉంటే బీప్ అనే మోడ్‌లో పెట్టి తమరి రెండు చివర్లా తాకించాడు. బీప్ అంది. “ఎర్తు ఓకే సార్, సెల్ఫ్ మోటారు అసెంబ్లీ మార్చాలి” అన్నాడు. ఆ బీప్ అనే అబద్ధం వల్ల ఎన్ని ఇళ్లల్లో అప్పులయ్యాయో! తమరి అల్లికలో ఒక్క పోగు మిగిలినా బీప్ అంటుంది. ఆ చిన్న పరీక్షకి పట్టే కరెంటెంత, సెల్ఫ్ లాగే 150 ఆంపియర్లెంత? కాలువ నిండా నీళ్లుండి తూము పూడిపోతే చేను ఎండినట్టు, బ్యాటరీలో ఎంతున్నా తమరి దగ్గర దారి మూసుకుపోయింది. ఓములో వందో వంతు అడ్డం పడితే చాలు, 150 ఆంపియర్ల దగ్గర ఒకటిన్నర వోల్టు తమరి నోట్లోకే పోతుంది.

వ్యాను వెళ్లిపోయాక, లారీలకీ బోట్లకీ వైరింగు చేసే ఒక పెద్దాయన వచ్చాడు. మాట్లాడలేదు. హెడ్‌లైట్లు వేయించి సెల్ఫ్ కొట్టమన్నాడు. టక్ అంది, లైట్లు చెక్కుచెదరలేదు. బ్యాటరీ నీరసంగా ఉంటే మసకబారాలి. తర్వాత మీటరు నల్ల ముల్లు బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర ముల్లు ఇంజిను మీద పెట్టి మళ్లీ కొట్టమన్నాడు. అర వోల్టు దాటకూడని చోట అయిదు దాటింది. “బేట్రీకేటీ నేదు బాబూ. ఎర్తు నేదు” అన్నాడు. మీటరు తీసి జేబులో పెట్టుకుంటూ, “క్లచ్చి బిగుసుకుపోనాదా?” అని అడిగాడు.

బిగుసుకుపోయింది. నెల రోజులుగా. ఎడమకాలు నొప్పెట్టి నూనె రాయించుకుంటున్నాను. ఎందుకో తెలుసా? ఎర్తు తెగితే కరెంటు ఊరుకోదట. ఇంజినుకీ బాడీకీ మధ్య ఏ ఇనప తీగ దొరికితే దాని మీదుగా పోతుందట. మా క్లచ్ కేబుల్ దొరికింది. సెల్ఫ్ కొట్టినప్పుడల్లా అది లోపల వేడెక్కి, ప్లాస్టిక్ తొడుగు కరిగి, తీగకి అతుక్కుపోయింది. కారులో అప్పుడప్పుడూ వచ్చే ఆ కాలిన వాసన అదీ! పక్కింటి వాళ్లు చెత్త తగలబెడుతున్నారని వాళ్లతో తగువు కూడా పడ్డాం.

ఇక మర్యాదలు చాలు. నీ పని నువ్వు చెయ్యవు. చెయ్యడం లేదని చెప్పవు. నీ బరువు అమాయకపు క్లచ్ కేబుల్ మీద వేసి దాన్ని కాల్చేశావు. నీ తప్పుకి బ్యాటరీని దొంగని చేసి ఇంట్లోంచి పంపించావు. ఇంకొంచెంలో సెల్ఫ్ మోటారుని కూడా పంపించేవాడివే. రిలే పోతే పోయానంటుంది, ఫ్యూజు పోతే తెగిపోయి కళ్లకి కనిపిస్తుంది. నువ్వు మాత్రం పైకి బోల్టు బిగించుకుని, లోపల చిలుము పట్టి, బీప్ అని పలుకుతూ కూర్చున్నావు. సిగ్గుండాలి.

పెద్దాయన నిన్ను విప్పదీసి చూపిస్తే నా కోపం కాస్త చల్లారిన మాట నిజం. పోగులన్నీ పచ్చగా చిలుమెక్కి ఉన్నాయి. చేత్తో తాకితే పొడిగా రాలాయి. బోల్టు కింద తుప్పు. రోజూ బీచ్ రోడ్డు ఉప్పు గాలి తాగుతూ, ఇంజిను ఊగినప్పుడల్లా ఊగుతూ ఇన్నేళ్లు లాగావంటే లాగినట్టే. ఆయన బాడీ మీద రంగు గీకి, ఇసుక కాయితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, నీ వారసుణ్ణి బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూశాడు. వైరు రెండొందల యాభై. తన కూలి రెండొందలు చాలన్నాడు. ఎక్కువిస్తే తీసుకోలేదు, రెండు వంజరం ముక్కలు ఇవ్వబోతే వాసన చూసి వెనక్కి తగ్గాడు.

ఇట్లు,
కొత్త బ్యాటరీ, కొత్త ఎర్తు, కొత్త క్లచ్ కేబుల్ కల పాత కారు ఓనరు

తా.క.: పొద్దున్నే బ్యాటరీ షాపుకి వెళ్లి, తొమ్మిది వందలు తిరిగి ఇచ్చేస్తాను, నా పాత బ్యాటరీ నాకిమ్మన్నాను. షాపతను మొహం వెలిగించి, “అదా సార్? మర్నాడే పోయింది. కొబ్బరిబొండాల బండికి లైటు కావాలని ఒకతను రెండు వేలిచ్చి పట్టుకెళ్లాడు. చాలా మంచి బ్యాటరీ సార్ అది” అన్నాడు.