పవర్ బటన్ గారికో బహిరంగ లేఖ

అయ్యా పవర్ బటన్ గారూ,

ప్రపంచంలో పనులన్నీ కూర్చున్న చోటినుంచే అయిపోతున్నాయి గానీ, తమరు మాత్రం ఎవరో ఒకరు వచ్చి వేలు పెడితే గానీ కదలరు. ఎక్కడో దూరాన తాళం వేసిన గదిలో కంప్యూటర్ హ్యాంగ్ అయిందా, ఇక తమ దర్బారు మొదలు. బతికే ఉన్నావా అని నెట్‌వర్క్‌లో పింగ్ కొడితే ఠంచనుగా జవాబొస్తుంది. లాగిన్ అవుదామంటే మాత్రం కర్సర్ అలా మిణుకుమంటూనే ఉంటుంది, పాస్‌వర్డ్ అడిగే దిక్కు ఉండదు. రీబూట్ కమాండ్ పంపుదామంటే దాన్ని అందుకుని అమలు చేయాల్సింది ఆ పడిపోయిన మహానుభావుడేనాయె!

నెట్‌వర్క్ మీదనుంచే కంప్యూటర్‌ని లేపే వేక్ ఆన్ ల్యాన్ ఉందిగా అంటారు కొందరు. ఎఫ్‌ఎఫ్ అనే బైట్‌ని ఆరు సార్లు పెట్టి, ఆ తర్వాత ఆ కంప్యూటర్ నెట్‌వర్క్ కార్డు నంబరైన మ్యాక్ అడ్రస్‌ని 16 సార్లు జపంలా చదివే మ్యాజిక్ ప్యాకెట్ అది. నిద్రపోయేవాణ్ణి, ఆఫ్‌లో ఉన్నవాణ్ణి లేపుతుంది సరే, కళ్లు తెరిచి బిగుసుకుపోయినవాణ్ణి ఏం లేపుతుంది? పోనీ దూరం నుంచే ఆన్-ఆఫ్ చేయగల స్మార్ట్ ప్లగ్‌తో కరెంటు తీసి మళ్లీ ఇస్తే, కంప్యూటర్ ఆన్ కాగానే ముందు నడిచే ప్రోగ్రామైన బయోస్‌లో 'కరెంటు రాగానే ఆన్ అవ్వు' అనే సెట్టింగ్ పెట్టి ఉండకపోతే ఆ పెట్టె మళ్లీ తమ అనుమతి కోసమే ఎదురుచూస్తూ కూర్చుంటుంది. (ఆ ప్లగ్‌ని నడిపే ప్రోగ్రామ్‌ని అదే కంప్యూటర్లో పెట్టుకునే మేధావులూ ఉన్నారు, వాళ్ల సంగతి వేరే.)

మీకు నచ్చని మాటొకటి చెప్తాను. 1997లో అంగారకుడి మీద దిగిన నాసా వ్యోమనౌక పాత్‌ఫైండర్ సాఫ్ట్‌వేర్ ఇరుక్కుపోయినప్పుడల్లా వాచ్‌డాగ్ టైమర్ అనే కాపలా గడియారం గమనించి రీసెట్ చేసేసింది, ఇంజనీర్లు తప్పు ఎక్కడుందో పట్టుకుని భూమ్మీద నుంచే సరిచేశారు. అక్కడ మీ వంక చూసినవాడే లేడు. అయినా 2024 జూలై 19న మీ పరువు నిలబడింది లెండి. సైబర్ సెక్యూరిటీ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన పాడు అప్‌డేట్‌కి దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు నీలి తెర వేసుకుంటే, వాటిలో చాలావాటి దగ్గరికి మనుషులే వెళ్లి అత్యవసరమైనవి మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లో ఆ అప్‌డేట్ ఫైల్ తీసేయాల్సొచ్చింది.

ఇంతకీ నా గోడు ఇది. అక్కడున్నవాళ్లెవరినో ఫోన్లో బతిమాలి మీ దగ్గరికి పంపిస్తాం, నాలుగైదు సెకన్లు గట్టిగా నొక్కి పట్టుకోండి, వదలొద్దు అని మరీ మరీ చెప్తాం. ఆయన శ్రద్ధగా మానిటర్ బటన్ నొక్కి, "సార్, స్క్రీన్ నల్లగా అయిపోయింది, ఇంక నేను వెళ్లొచ్చా?" అంటాడు. కాస్త పెద్ద సైజులో పుట్టి ఉండకూడదూ?

ఇట్లు,
మీ వరకు చెయ్యి అందనివాడు