కప్పు వైరాగ్యం

మన పెద్దలు వైరాగ్యాలు మూడని లెక్క తేల్చారు. పురాణం వింటున్నంతసేపు ఉండేది పురాణ వైరాగ్యం. పురిటి నొప్పుల మధ్య పుట్టేది ప్రసూతి వైరాగ్యం. చితి దగ్గర నిలబడ్డప్పుడు కలిగి, ఇంటికొచ్చి స్నానం చేసేసరికి కరిగిపోయేది శ్మశాన వైరాగ్యం. మూడింటికీ ఆయుష్షు తక్కువే. ఈ జాబితాలో నాలుగోది ఒకటి తప్పిపోయిందని, అది ఇంగ్లండులో దొరికిందని పండితులకు సవినయంగా మనవి చేసుకుంటున్నాను. దాని పేరు కప్పు వైరాగ్యం, అంటే ఆటల పోటీల్లో గెలిచినవాళ్లకిచ్చే కప్పు మీద విరక్తి. వయసు నూట నలభై దాటింది. ఆరోగ్యం ఇప్పటికీ దివ్యంగా ఉంది.

రగ్బీ యూనియన్ తెలియనివారికి రెండు ముక్కలు. పక్షానికి పదిహేనుమంది చొప్పున నిలబడి, కోడిగుడ్డు ఆకారపు బంతి కోసం ఒకరినొకరు మట్టి కరిపించుకుంటారు. చేత్తో బంతి అందించాలంటే వెనక్కే అందించాలి, ముందుకు విసిరితే తప్పు. ఈ నిబంధనను మైదానంలోనే కాక ఆఫీసులో కూడా తు.చ. తప్పకుండా పాటించిన సంస్థ ఇంగ్లండు రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్. అది 1871లో పుట్టింది. అదే ఏడాది ఫుట్‌బాల్ వాళ్లు ‘ఓడితే ఇంటికే’ అన్న పద్ధతిలో ఎఫ్.ఎ. కప్పు మొదలుపెట్టారు. పక్కింట్లో జరుగుతున్న ఆ సంబరాన్ని రగ్బీ పెద్దలు శ్రద్ధగా గమనించారు, చర్చించారు, తమ క్లబ్బులకు కూడా అలాంటి పోటీ ఉండాలని తీర్మానించారు. ఆ పోటీ 1971లో మొదలైంది. తొందరపాటు పనికిరాదు కదా.

నడుమ ఒకసారి ఆ వైరాగ్యానికి గండం వచ్చింది. వచ్చింది మన దేశం నుంచే. కలకత్తాలోని దొరలు 1873లో ఒక రగ్బీ క్లబ్బు పెట్టుకున్నారు. క్లబ్బులో మద్యం ఉచితంగా పోసినన్నాళ్లు సభ్యులకు ఆట మీద భక్తి నిండుగా ఉండేదని, ఉచితం ఆగిపోయాక ఆ భక్తి పోలో మీదికి, టెన్నిస్ మీదికి మళ్లిందని చెబుతారు. 1878లో క్లబ్బు మూసేశారు. బ్యాంకులో మిగిలిన 270 వెండి రూపాయలను పంచుకోకుండా కరిగించి ఒక కప్పు చేయించారు. ఒళ్లంతా సన్నని నగిషీ, పట్టుకోవడానికి పడగ విప్పిన మూడు నాగుపాములు, మూత మీద ఏనుగు. దాన్ని ఓడలో లండన్‌కు పంపి, ఎఫ్.ఎ. కప్పు లాగా క్లబ్బుల మధ్య ఏటా పోటీ పెట్టి దీన్ని ఇవ్వండని కోరారు.

యూనియన్ పెద్దలకు కప్పు నచ్చింది. కోరికే నచ్చలేదు. క్లబ్బులు కప్పు కోసం పోట్లాడుకోవడం పెద్దమనుషుల లక్షణం కాదని, ఇంగ్లండు, స్కాట్లండు దేశాల మధ్య జరిగే మ్యాచ్‌కు దాన్ని కేటాయించారు. 1879లో దానికోసం జరిగిన మొదటి మ్యాచ్‌లో ఎవరూ గెలవలేదు. వైరాగ్యానికి అంతకన్నా శుభారంభం ఏముంటుంది?

మన రూపాయల కథ అక్కడితో ముగిసి ఉంటే బాగుండేది. 1988లో ఎడిన్‌బరోలో మ్యాచ్ అయ్యాక ఆ రాత్రి ఇంగ్లండు ఆటగాడు డీన్ రిచర్డ్స్, స్కాట్లండు ఆటగాడు జాన్ జెఫ్రీ పుచ్చుకోవలసినంత పుచ్చుకొని, ఆ కప్పును ప్రిన్సెస్ స్ట్రీట్ పొడవునా తన్నుకుంటూ వెళ్లారు. పాములకూ ఏనుగుకూ సొట్టలు పడ్డాయి. స్కాట్లండు తన ఆటగాణ్ని ఆరు నెలలు కూర్చోబెట్టింది. ఇంగ్లండు తన ఆటగాణ్ని ఒక వారం కూర్చోబెట్టింది. రిచర్డ్స్ వృత్తి ఏమిటని అడుగుతారేమో. పోలీసు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇంతకీ క్లబ్బుల కప్పు అంటే అంత భయమెందుకు? యార్క్‌షైర్‌లో 1877లోనే అలాంటి జిల్లా కప్పు ఒకటి పెట్టారు. జనం దాన్ని ముద్దుగా ‘పాత రేకు చెంబు’ అని పిలిచేవారు. ఆ చెంబు కోసం ఊళ్లకు ఊళ్లే కదిలి వచ్చాయి. జనం వస్తే గేటు దగ్గర డబ్బు పోగవుతుంది. డబ్బు పోగైతే, గనిలో ఒక పూట కూలి పోగొట్టుకొని ఆడిన వాడు ఆ కూలి ఇప్పించమని అడుగుతాడు. ఈ అడగడం దగ్గరే లండన్ దొరలకు గుండె ఆగినంత పనయింది. 1895 ఆగస్టులో ఉత్తరాది క్లబ్బులు హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో కూర్చొని వేరు కాపురం పెట్టుకున్నాయి, ఆ కాపురమే రగ్బీ లీగ్ అయింది. ఆటగాడికి డబ్బు ఇవ్వడం మహాపాపం కాదని యూనియన్ వైపు వాళ్లు ఒప్పుకున్నది 1995 ఆగస్టులో. కప్పుకు నూరేళ్లు, కూలికి నూరేళ్లు. ‘నిండు నూరేళ్లు’ అన్న దీవెనను ఆఫీసు ఫైళ్లకు వర్తింపజేసిన ఘనత వీరిదే.

సరే, 1971లో కప్పు వచ్చింది. 1972లో లండన్‌లోని ట్వికెనమ్ మైదానంలో ఫైనల్ జరిగింది. గ్లోస్టర్ 17, మోజ్లీ 6. మోజ్లీ ఆటగాడు నైజెల్ హార్టన్‌ను రెఫరీ మైదానం బయటికి పంపేశాడు. కప్పు పెడితే పెద్దమనుషులు చెడిపోతారని నూరేళ్లుగా చెబుతూ వచ్చినవారు ఆ రోజు ఎంత తృప్తిగా టీ తాగి ఉంటారో ఊహించుకోవచ్చు. (గ్లోస్టర్, లెస్టర్, వూస్టర్: ఈ ఊళ్ల పేర్లు వాళ్లు రాసేది ఒకటి, పలికేది ఒకటి. మన లిపిలో ఆ బాధ లేదు. ఈ వ్యాసం తెలుగులో రాయడానికి ఇదొక ముఖ్య కారణం.)

వచ్చిన కప్పును ఎలా తేలిక చేయాలన్న పరిశోధన వెంటనే మొదలైంది. స్కోరు సమమైతే, ట్రైల (బంతిని ఎదుటివాళ్ల గీత దాటించి నేలకు ఆనిస్తే ట్రై) లెక్కలో కూడా తేడా లేకపోతే, ప్రయాణం చేసి వచ్చిన జట్టే తర్వాతి రౌండుకు వెళ్తుందని నిబంధన పెట్టారు. అతిథి మర్యాదను స్కోరుబోర్డు మీదికి ఎక్కించిన దేశం ఇంకొకటి ఉన్నట్లు నాకు తెలియదు. 1982 ఫైనల్లో మళ్లీ అదే గ్లోస్టర్, అదే మోజ్లీ. అదనపు సమయం ఆడించినా 12-12 దగ్గరే ఆగింది. ఫైనల్లో అతిథులెవరో తేలదు కనుక కప్పు ఇద్దరిదీ అన్నారు. పొలం గట్టు తగాదాకు మా ఊరి పెద్దలు చెప్పే తీర్పు ఇదే. కాకపోతే మా ఊళ్లో రెండు పక్షాలూ ఇంటికెళ్లాక తీర్పు చెప్పినవాళ్లను తిట్టుకుంటాయి.

పేరు విషయంలో కూడా ఏ మమకారం పెట్టుకోలేదు. మొదట జాన్ ప్లేయర్ కప్పు, అంటే సిగరెట్లు. తర్వాత పిల్కింగ్‌టన్ కప్పు, గాజు. ఆపైన టెట్లీస్ బిటర్ కప్పు, బీరు. అటు తర్వాత పవర్‌జెన్, కరెంటు. దాని వెనక ఇ.డి.ఎఫ్., అది కూడా కరెంటే, కాకపోతే ఫ్రెంచి కరెంటు. 2009లో ఎల్.వి. అనే బీమా సంస్థ వచ్చింది. దాని పేరు చివర సమానం గుర్తు ఉంటుంది. సమానం తర్వాత ఏమిటో రాయలేదు. వరస చూడండి. పెద్దమనిషి సిగరెట్టు వెలిగించాడు, గాజు గ్లాసు తీశాడు, బీరు పోశాడు, చీకటి పడితే లైటు వేశాడు, ఆరోగ్యం గుర్తొచ్చి బీమా చేయించుకున్నాడు. కొన్నేళ్లకు ఆ బీమా కూడా ముగిసింది. ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

ఇంత పకడ్బందీ వైరాగ్యంలో ఒక ఊరు మాత్రం కలుపు మొక్కలా మొలిచింది. ఆ ఊరు బాత్. వాళ్లకు కప్పు కావాలి, సిగ్గు లేకుండా కావాలి. 1984 నుంచి 1996 లోపు పదిసార్లు ఫైనల్‌కు వచ్చారు, పదిసార్లూ గెలిచారు. వాళ్ల జట్టులో జెరెమీ గస్కాట్ అనే ఆటగాడు ఉండేవాడు. అప్పట్లో రగ్బీ ఆడితే జీతం లేదు కనుక, అతను ఇటుకలు పేర్చాడు, బస్సు నడిపాడు. పరుగులో అతన్ని పట్టుకోలేక డిఫెండర్లు చతికిలపడేవారు. అలాంటివాడు బస్సు తోలుతూ స్టాపు దగ్గర ముసలమ్మ ఎక్కేదాకా ఓపికగా ఆగడం, ఒక్కసారి కళ్ల ముందు నిలుపుకొని చూడండి.

బాత్ గర్వం అణిగింది 1992 నవంబరులో. రెండో డివిజన్ క్లబ్బు ఒకటి 9-8తో వాళ్లను ఇంటికి పంపింది. ఆ క్లబ్బు పేరు వాటర్లూ, నెపోలియన్ ఆఖరిసారి ఓడిన చోటు పేరే. కల్పించి రాస్తే పాఠకులు నమ్మరని నేనే కొట్టేసేవాణ్ని.

కప్పు మీద మోహం పెంచుకుంటే మనిషి ఏమవుతాడో చెప్పడానికి 1996 ఫైనల్ చాలు. బాత్, లెస్టర్ తలపడ్డాయి. లెస్టర్ గెలుపు అంచుల్లో ఉండగా, రెఫరీ స్టీవ్ లాండర్ బాత్‌కు పెనాల్టీ ట్రై ఇచ్చాడు. అంటే ‘మీరు అడ్డుపడకపోతే వాళ్లు స్కోరు చేసేవాళ్లే, కనుక చేసినట్లే’ అని తీర్పు. 16-15. చివరి విజిల్ మోగింది. లెస్టర్ ఆటగాడు నీల్ బ్యాక్ రెఫరీని ఒక్క తోపు తోశాడు, రెఫరీ నేల మీద పడ్డాడు. విచారణలో బ్యాక్ చెప్పిన సంజాయిషీని న్యాయశాస్త్ర విద్యార్థులు బట్టీ పట్టాలి. తోసింది రెఫరీ అనుకుని కాదట, బాత్ ఆటగాడు ఆండీ రాబిన్సన్ అనుకునట! ఆట ముగిశాక ప్రత్యర్థిని తోస్తే తప్పులేదన్న ధర్మసూక్ష్మం ఇందులో దాగి ఉంది. విచారణ సంఘం ఆ సూక్ష్మాన్ని అందుకోలేక ఆరు నెలల నిషేధం వేసింది.

అంతకన్నా గొప్ప మోహం 2009లో, హార్లెక్విన్స్ క్లబ్బులో. అది యూరప్ కప్పు, క్వార్టర్ ఫైనల్. ఐర్లండు జట్టు లెన్‌స్టర్ 6-5తో ముందుంది. హార్లెక్విన్స్‌కు గోలు కొట్టగల కిక్కర్ అంతకుముందే బయటికి వెళ్లిపోయాడు, మామూలుగా తిరిగి రావడానికి వీల్లేదు. ఎవరికైనా రక్తం కారితే మాత్రం రావచ్చు. కాబట్టి టామ్ విలియమ్స్ అనే కుర్రాడు నోట్లో ఒక గుళిక పగలగొట్టుకున్నాడు. లండన్‌లో క్లాఫమ్ అనే చోట పార్టీ సరుకులు అమ్మే కొట్లో కొన్న రక్తం అది. ఎర్రటి చారలతో మైదానం దాటుతూ, కెమెరాకు చిక్కేలా కన్ను కొట్టాడు. మన వీధి నాటకాల్లో దుశ్శాసన వధ ఆడేవాళ్లు కూడా ప్రేక్షకులకు కన్ను కొట్టరు, వృత్తిధర్మం అంటూ ఒకటుంటుంది. తర్వాత ఆ రక్తానికి ఒక నిజమైన గాయం కావలసివచ్చి, డ్రెస్సింగ్ రూములో క్లబ్బు వైద్యురాలి చేత పెదవి కోయించుకున్నాడు. ఇంత చేసినా స్కోరు 6-5 దగ్గరే ఉండిపోయింది. ఈ నాటకానికి సూత్రధారిగా మూడేళ్ల నిషేధం పడిన కోచ్ ఎవరనుకున్నారు? డీన్ రిచర్డ్స్. పాముల కప్పును వీధిలో తన్నినందుకు వారం, కప్పు కోసం నెత్తురు పూయించినందుకు మూడేళ్లు. కప్పును కాలితో తన్నడం చిన్న తప్పు, కోరుకోవడమే పెద్ద తప్పు అని ఇంతకన్నా స్పష్టంగా ఏ శాస్త్రమూ చెప్పలేదు.

స్వదేశీ కప్పులో మాత్రం ఆ ప్రమాదం లేకుండా 2005లోనే జాగ్రత్త పడ్డారు. వాటర్లూ వంటి చిన్న క్లబ్బులను పిలిస్తే ఓడిస్తున్నాయి. పిలవడం మానేశారు. పై డివిజన్ పన్నెండు జట్లు, వేల్స్ నుంచి నాలుగు, అంతే. ఓడితే ఇంటికే అన్న పద్ధతి కూడా మొరటుగా ఉందని, ముందు గ్రూపులు పెట్టారు, ఓడినా వచ్చే వారం రావచ్చు. తర్వాతి సంవత్సరాల్లో అసలు చిట్కా కనిపెట్టారు. పేరున్న ఆటగాళ్లు దేశం తరఫున ఆడడానికి వెళ్లిన వారాలు చూసుకుని ఈ కప్పు మ్యాచ్‌లు పెట్టడం. పెళ్లికొడుకు ఊళ్లో లేనప్పుడే ముహూర్తం. మిగిలిన కుర్రాళ్లు, గాయాల నుంచి కోలుకుంటున్నవాళ్లు పీటల మీద కూర్చుంటారు. ఆ కుర్రాళ్లు ప్రాణం పెట్టి ఆడతారు. ఎవరూ చెప్పలేదు కాబోలు, పాపం. 2018లో వేల్స్ వాళ్లు కూడా సెలవు తీసుకున్నారు.

ఇక 2022 మే. ఫైనల్లో వూస్టర్, లండన్ ఐరిష్. అదనపు సమయం తర్వాత 25-25. కప్పు పంచే పాత సంప్రదాయం పోయింది కనుక, నిబంధనల పుస్తకం తిరగేసి వూస్టర్‌కు ఇచ్చారు. ఆ క్లబ్బు చరిత్రలో అంత పెద్ద గెలుపు లేదు. సెప్టెంబరులో ఆ క్లబ్బు దివాలా అధికారుల చేతికి వెళ్లింది. అప్పు రెండున్నర కోట్ల పౌండ్ల పైమాటే. అందులో పన్నుల శాఖ బాకీయే అరవై లక్షలకు మించింది. అక్టోబరులో ఆటగాళ్ల ఒప్పందాలన్నీ రద్దయ్యాయి. అదే నెలలో, ఈ కప్పును మూడుసార్లు ఎత్తిన వాస్ప్స్ కూడా మునిగింది. లండన్ ఐరిష్ మరుసటి ఏడాది పట్టుదలగా మళ్లీ ఫైనల్‌కు వచ్చి, ఎక్సెటర్ చేతిలో 12-15తో ఓడి, జూన్‌లో మూతపడింది. బీమా సంస్థ అంతకుముందే వెళ్లిపోయిందని చెప్పాను కదా. పంక్తిలో మూడు ఆకులు ఖాళీ అయ్యేసరికి చిన్న క్లబ్బులు గుర్తొచ్చాయి. ఆ ఏడాదే రెండో డివిజన్ వాళ్లను మళ్లీ కప్పుకు పిలిచారు.

కలకత్తా క్లబ్బు మూతపడినప్పుడు డబ్బు ఉంది, కప్పు లేదు. వూస్టర్ మూతపడినప్పుడు కప్పు ఉంది, డబ్బు లేదు. రూపాయలను కరిగించి కప్పు చేసే విద్యను తిరగేసి ప్రయోగించి ఉండవలసిందని, లెక్కలు చూడడానికి వచ్చిన అధికారులకు నా సూచన. కరిగించే పనివాళ్లు కలకత్తాలో ఇప్పటికీ దొరుకుతారు. మజూరీ రొక్కంగా, ముందుగా ఇవ్వాలి.