తల్లుల్ని బోనెక్కించడం ఆపండి

బిడ్డకు నలభయ్యేళ్లకు షుగర్ వస్తే దానికీ తల్లే కారణమా? కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు, ఎందుకు టెన్షన్ పడ్డావు అంటూ ఆమెను నిలదీసే ధోరణి మితిమీరుతోంది. గర్భంలోని పరిస్థితుల ప్రభావం పెద్దయ్యాకా వెంటాడుతుందన్నది నిజమే. ఆ పరిస్థితులు కల్పించినవాళ్లను వదిలేసి తల్లిని దోషిని చేయడాన్నే మేము తప్పుపడుతున్నాం.

1944-45 చలికాలంలో నాజీల దిగ్బంధంతో పశ్చిమ నెదర్లాండ్స్ ఆకలితో అలమటించింది. మనిషికి రోజువారీ రేషన్ వెయ్యి కేలరీల కన్నా బాగా కిందికి పడిపోయింది. అప్పుడు గర్భంలో ఉన్నవారిని పెద్దయ్యాక పరీక్షిస్తే, వారి ఒంట్లో గ్లూకోజు అదుపు తప్పుతున్నట్టు తేలింది. తొలి నెలల్లోనే కరవు బారిన పడ్డవారిలో గుండెజబ్బులూ ఎక్కువే. ఆ తల్లులు కోరి పస్తులున్నారా?

తిండి చాలనప్పుడు పిండం ముందు మెదడును కాపాడుకుంటుందనీ, ఆ కోత క్లోమం (రక్తంలో చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్‌ను తయారుచేసే అవయవం), మూత్రపిండాలు, కండరాల మీద పడుతుందనీ శాస్త్రవేత్తలు వివరిస్తున్నారు. తర్వాత తిండి పుష్కలంగా దొరికితే ఆ బలహీనమైన క్లోమం తట్టుకోలేదు. తల్లికి షుగర్ ఉంటే చిక్కు మరోలా వస్తుంది. ఆమె రక్తంలోని గ్లూకోజు మావిని దాటి బిడ్డకు చేరుతుంది, ఇన్సులిన్ చేరదు. దాంతో బిడ్డ క్లోమమే ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది, ఒంట్లో కొవ్వు పేరుకుంటుంది. సకాలంలో పరీక్ష చేస్తే పట్టుకోగలిగేదే ఇది.

బ్రిటన్‌లో చక్కెర రేషన్, అంటే మనిషికి ఇంతేనని సర్కారు పెట్టిన పరిమితి, 1953 సెప్టెంబరులో ముగిసింది. కడుపులో పడినప్పటి నుంచి మొదటి వెయ్యి రోజులు ఆ రేషన్ కింద గడిపినవారికి టైప్-2 మధుమేహం ముప్పు సుమారు 35 శాతం, బీపీ ముప్పు 20 శాతం తక్కువని 2024లో వెలువడిన అధ్యయనం చెప్పింది. చక్కెరకు కోత పెట్టింది సర్కారు. ఇందులో ఒక్కో తల్లి నిగ్రహాన్ని కొలిచే పనే లేదు.

తల్లి జాగ్రత్త కూడా అవసరమే కదా అంటారు. అవసరమే. కానీ జాగ్రత్త పడటానికి మంచి తిండి, విశ్రాంతి, వైద్యం అందాలి. సెలవు అడిగితే ముఖం చిట్లించే యజమాని, తీపి సరుకును ఊదరగొట్టి అమ్ముకునే కంపెనీ, పరీక్షలకు నిధులివ్వని ప్రభుత్వం, వీళ్లంతా రేపు ఆ బిడ్డ జబ్బుపడితే వేలు చూపేది తల్లి వైపే! తండ్రి ఊసైనా ఎత్తరు. గర్భిణులందరికీ షుగర్ పరీక్ష ఉచితంగా చేయించడం చేతకాని పాలకులు వాళ్లకు పాఠాలు చెప్పడానికి సిగ్గుపడాలి.