అరగుడ్డు బాకీ

మా బావమరిది డాలస్ నుంచి వస్తూ అందరికీ చాక్లెట్లు, నాకు మాత్రం ఒక ప్రోటీన్ బార్ తెచ్చాడు. "బావా, ఇది కీచురాళ్ళ పిండితో చేసింది. ముందు ముందు ప్రపంచమంతా ఇదే తింటుంది" అన్నాడు. రేపర్ మీద కీచురాయి, పార్టీ టికెట్ ఖాయమైన నాయకుడు ఫ్లెక్సీలో నిలబడ్డట్టు, మహా హుందాగా ఉంది. ధర మూడు డాలర్లట.

అదే సమయానికి మా అమ్మ వసారాలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. మూడు నెలలుగా డబ్బాలో ఉండిపోయిన బియ్యం. వేపాకు వేసినా, ఎండుమిరపకాయలు వేసినా లెక్కచేయని ముక్కు పురుగులు చాట అంచు పట్టుకుని ఎక్కుతున్నాయి. ఒక్కోటి నువ్వుగింజ కంటే చిన్నది. మూతికి ముందు సన్నటి తొండం. అమ్మ చాట అంచు మీద వేలితో ఒక్కటి కొడితే అన్నీ జారి మళ్ళీ మధ్యలోకి పడతాయి. పడగానే చచ్చినట్టు నటిస్తాయి. నిమిషం ఆగి మళ్ళీ ఎక్కడం మొదలు.

అప్పుడు నాకు జ్ఞానోదయమైంది. ఒకే ఇంట్లో, పది అడుగుల దూరంలో, రెండు కీటకాహార పద్ధతులు. ఒకదాన్ని మూడు డాలర్లు పెట్టి కొన్నాం, రెండోదాన్ని చాటలో పెట్టి పారబోస్తున్నాం. ఈ జాతి ఎందుకు బాగుపడదో ఇక వేరే చెప్పాలా?

విషయం తేలిగ్గా తీసుకోవద్దు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లోనే దీని మీద లావుపాటి నివేదిక వేసింది. ప్రపంచంలో దాదాపు 200 కోట్ల మంది భోజనంలో కీటకాలున్నాయనీ, తినదగినవి 1,900 రకాలకు పైనే ఉన్నాయనీ చెప్పింది. యూరోపియన్ యూనియన్ 2021లో ఎండబెట్టిన మీల్‌వార్మ్‌కు, అంటే ఒక రకం పిండి పురుగుకు, తినే అనుమతి ఇచ్చింది. సింగపూర్ 2024 జులైలో ఒకేసారి 16 రకాలకు తలుపులు తీసింది. మన పక్కనే ఒడిశాలో, మయూర్‌భంజ్ ఎర్ర చీమల చట్నీకి 2024 జనవరిలో జీఐ ట్యాగ్, అంటే ఫలానా ప్రాంతపు సొంత సరుకన్న గుర్తింపు, వచ్చింది. అంటే హైదరాబాద్ హలీమ్, ఆ చీమలు ఇప్పుడు ఒకే వరసలో కూర్చున్నాయి.

నిజానికి ఐక్యరాజ్యసమితి కంటే ముందే ఈ శాస్త్రం మన అమ్మమ్మల దగ్గర ఉంది. పాలగ్లాసులో చీమ తేలితే, పాలు పారబోయడం ఇష్టంలేని ప్రతి అమ్మమ్మా చెప్పిన మాట ఒక్కటే: "తాగరా, చీమలు తింటే కళ్ళు బాగా కనిపిస్తాయి." నేను భక్తిగా తాగాను. ఐదో తరగతిలో కళ్ళద్దాలొచ్చాయి. చీమలు సరిపోలేదని అమ్మమ్మ అభిప్రాయం.

అయితే కీటకాహారంలో నాకు అసలు శిక్షణ ఇచ్చింది మా హాస్టల్ మెస్సు. పేరెందుకు గానీ, ఇరవై ఎనిమిదేళ్ళ కిందటి మాట. అన్నంలో ముక్కు పురుగులు ఉడికి, కాస్త ఉబ్బి, జీలకర్రలా కనిపించేవి. జీరా రైస్ అనే మాట తెలియని రోజుల్లోనే మేం దాన్ని తిన్నాం. కంచం అంచున వాటిని వరసగా పేర్చి లెక్కపెట్టేవాళ్ళం. ఎక్కువ వచ్చినవాడికి పక్కవాడు అరటిపండు ఇవ్వాలి. మా గదిలోవాడు ఒక్క పూటలో ఇరవై మూడు తీసి రికార్డు పెట్టాడు. ఎవడూ దాన్ని దాటలేదు. ఒకసారి ధైర్యం చేసి వార్డెన్ సార్‌కి కంచం చూపిస్తే, ఆయన కళ్ళజోడు సరిచేసుకుని చూసి, "ఉడికింది కదరా, ఇంకేమవుద్ది?" అన్నారు. ఆహార భద్రత మీద అంతకంటే క్లుప్తమైన సిద్ధాంతం నేను ఇప్పటికీ వినలేదు.

ఇన్నాళ్ళూ ఆ మెస్సు కాంట్రాక్టర్‌ని తిట్టుకున్నాను. ఇప్పుడు కాగితం, పెన్ను తీసి లెక్క వేశాక ఆయన మీద గౌరవం పెరిగింది. ముక్కు పురుగు ఒక్కోటి రెండున్నర మిల్లీగ్రాములు అనుకుందాం. పచ్చి బరువులో అయిదో వంతు ప్రోటీన్ అనుకుంటే, అర మిల్లీగ్రాము. ఒక కోడిగుడ్డులో ఆరు గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. అంటే ఒక గుడ్డుకు సమానం 12,000 పురుగులు. ఏరినవి పోగా మాకు పూటకు మూడు చొప్పున రోజుకు ఆరు వచ్చేవి. 12,000 కావాలంటే రెండు వేల రోజులు, అయిదున్నరేళ్ళు. నేను అక్కడ ఉన్నది మూడేళ్ళు. సెలవులు తీసేస్తే నాకు ముట్టింది సరిగ్గా అరగుడ్డు.

ఇక్కడ ఒళ్ళు గగుర్పొడిచే విషయం ఒకటుంది. మా మెస్సులో ఆదివారం గుడ్డును దారంతో నిలువునా సగానికి కోసి తలా ఒక ముక్క పెట్టేవారు. మిగతా సగం ఏమవుతోందని మేం ఒకటే గొడవ చేసేవాళ్ళం. అది రోజూ అన్నంలో వాయిదాల పద్ధతిలో వస్తోందని ఆ వయసులో మాకేం తెలుసు?

గిట్టనివాళ్ళు ఒక మెలిక పెడతారు. పెంపకపు కీచురాయి కిలో పెరగడానికి రెండు కిలోల మేత చాలు, అదే పశువుకైతే ఎనిమిది కిలోలు కావాలి, అందుకే కీటకాలు భూమికి మేలు అంటారు గదా. మరి మన ముక్కు పురుగు తినేది ఏమిటి? మన బియ్యమే. ఆడపురుగు గింజకు కన్నం పెట్టి, లోపల గుడ్డు పెట్టి, పైన మూత వేసి పోతుంది. పిల్ల లోపలే గింజను తింటూ పెరిగి, పెద్దదై బయటికొస్తుంది. అంటే పిల్లవాడి అన్నం పురుగు తిని, ఆ పురుగును పిల్లవాడు తినాలి. మధ్యలో ఇంకో చెయ్యి ఉందన్నమాట. మనకు మధ్యవర్తి లేకుండా ఏ పనైనా ఎప్పుడు జరిగింది గనక?

చట్టం విషయంలో మాత్రం నాకు కొంచెం టెన్షన్‌గానే ఉంది. మన ఆహార లేబుళ్ళ నిబంధనల ప్రకారం కీటకం మాంసాహారం. తేనె, లక్క మినహాయింపు. లక్క పురుగు కార్చిన జిగురు గాజులకే కాదు, చాక్లెట్ గోళీలకూ మెరుపు ఇస్తుంది. ఆకుపచ్చ చుక్కకు ఏ ఢోకా లేదు. కానీ అన్నంలో పురుగు వచ్చిందంటే ఆ కంచం మీద గోధుమరంగు గుర్తు పడాల్సిందే. మా హాస్టల్లో శనివారాలు, కార్తీక సోమవారాలు నిష్ఠగా గడిపిన స్నేహితులు కొందరున్నారు. వాళ్ళకు ఈ వ్యాసం పంపడం లేదు.

అమెరికాకు ఈ బెంగ లేదు. యాభై గ్రాముల గోధుమపిండిలో సగటున 75 పురుగు ముక్కలు, వంద గ్రాముల పీనట్ బటర్‌లో 30 వస్తేనే అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గట్టిగా పట్టించుకుంటుంది. ఈ సంగతి చెబితే మా బావమరిది ముఖం మాడ్చుకున్నాడు. మూడు డాలర్లు పెట్టి కొన్నది తన ఇంట్లో బ్రెడ్డు మీద ఊరికే వస్తోందంటే ఎవరికైనా బాధే.

బార్ మీద రాసిన అంకెలు కూడా చూశాను. కీచురాళ్ళ పొడిలో అరవై శాతం పైగా ప్రోటీన్ అట. ఎండబెట్టి నీళ్ళు తీసేశాక ఎవడైనా అరవై చూపిస్తాడు. మన ఎండురొయ్య ఎప్పటినుంచో చూపిస్తోంది, ఫ్లెక్సీ వేయించుకోలేదు అంతే. పైగా ప్రోటీన్‌ను మామూలుగా నేరుగా కొలవరు, నైట్రోజన్‌ను కొలిచి 6.25తో గుణిస్తారు. కీటకం పెంకులోని కైటిన్ అనే పదార్థంలో కూడా నైట్రోజన్ ఉంటుంది. దాంతో పెంకు కూడా ప్రోటీన్ ఖాతాలో పడుతుంది. మీల్‌వార్మ్ లాంటి కొన్ని పురుగులకు 4.76తో గుణిస్తే సరిపోతుందని పరిశోధకులే అన్నారు. రొయ్యలు పడనివాళ్ళకు కీచురాయి కూడా పడకపోవచ్చు, అది వేరే సంగతి.

ఇంత శాస్త్రం తెలియకుండానే తిన్నవాళ్ళు మన ఊళ్ళలో ఉన్నారు. తొలకరి పడ్డ సాయంత్రం పుట్టలోంచి ఉసిళ్ళు లేస్తాయి. దీపం కింద నీళ్ళ పళ్ళెం పెడితే వచ్చి పడతాయి. ఎండబెట్టి, రెక్కలు చెరిగి, ఉప్పూ కారంతో వేయించి, బొరుగుల్లో కలిపి పెడితే చిన్నప్పుడు నేను రెండు గుప్పెళ్ళు తిన్నాను. వెన్నలా ఉంటాయి. ఇది మాత్రం వ్యంగ్యం కాదు. మన్యంలో ఈత చెట్టు మొవ్వులోంచి తీసిన పురుగులు తింటారు, ఎంత రుచో వాళ్ళనడగాలి. వాటిని ఎంచుకుని, ఏరి, వండుకుని తింటారు. అలాంటివాళ్ళను చూసి "ఛీ, పురుగులు తింటారట" అన్నవాళ్ళే ఇప్పుడు జిమ్ముల్లో కీచురాళ్ళ పొడి పాలల్లో కలుపుకుంటున్నారు. హాస్టల్ పిల్లలు మాత్రం ఏదీ ఎంచుకోరు. వాళ్ళకు వచ్చింది తినడమే. అందుకని వాళ్ళు తినే పురుగుకు సూపర్‌ఫుడ్ అన్న బిరుదు ఇంకా రాలేదు. ఫొటో బయటికొస్తే "విచారణకు ఆదేశం" అన్న బిరుదు వస్తుంది.

ఇంకో చిత్రం. రేషన్ బియ్యంలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన గింజలు నూటికి ఒకటి చొప్పున వేశారు. ఆ గింజ తెల్లగా తేలగానే "ప్లాస్టిక్ బియ్యం" అని ఊరంతా భయపడి, ఏరి పారేశారు. పురుగును చూసి ఎవడూ అంత భయపడలేదు. పాతకాపు కదా.

సాయంత్రం అమ్మకు బార్ తుంచి ఒక ముక్క ఇచ్చాను. నమిలింది. "ఖర్జూరం బాగుంది" అంది. కీచురాళ్ళ సంగతి చెప్పాను. మింగింది గానీ, రేపర్ తిప్పి తిప్పి చూసి, "మూడు డాలర్లంటే మన డబ్బుల్లో ఎంత?" అని అడిగింది. చెప్పాను. ఏమీ అనలేదు.

లేచి, చాటలో మిగిలిన నూకలూ పురుగులూ కలిపి పెరట్లోకి తీసుకెళ్ళి "బా బా బా" అని పిలిచింది. నాలుగు కోళ్ళు పరిగెత్తుకొచ్చాయి. చచ్చినట్టు నటించిన పురుగుల్ని కూడా వదల్లేదు. పొద్దున్న గంప కింద రెండు గుడ్లున్నాయి. ఒకటి నాకు పెట్టింది, కోయకుండా.